పిలుపు లేని సభ చెల్లునా?

మంచిర్యాల పట్టణమున “కంపెనీ” యనిన చాలును. ఏ కంపెనీ యని మరల నడుగువారుండరు. అది సింగరేణి బొగ్గుగనుల కంపెనీయే. భర్త కంపెనీలో పనిచేయుచున్నాడనియు, కంపెనీ క్వార్టరులో కాపురమున్నామనియు, కంపెనీ ఆసుపత్రిలో పురుడు పోసికొంటిమనియు స్త్రీలు నిత్యము చెప్పుకొనుచుందురు. శ్రీరాంపురము, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతముల గృహములన్నిటను ఈ మాట ఉప్పు పప్పులవలె వాడుకలోనున్నది. అయినను కంపెనీ యననేమి, దానికి యజమానులెవరు, వారెప్పుడు కూడుదురు, వారిని సభకు పిలుచు విధమెట్టిది అను సంగతులు మన గృహిణులలో పెక్కురు విచారింపరు. ఇవి పురుషుల వ్యవహారములని విడిచిపెట్టుట మనకు అలవాటైనది. ఈ అలవాటువలన నష్టపడువారు తరచుగా స్త్రీలే యగుచున్నారు. కావున ఈ మాసము దీనిని గూర్చి సోదరీమణులతో కొంత ముచ్చటింపదలచితిమి.

కంపెనీ యనగా పలువురు తలకొంత సొమ్ము వేసి, ఆ మూలధనముతో ఒక వ్యాపారము నడపుటకై చట్టప్రకారము ఏర్పరచిన సంస్థ. మూలధనమును సమానమైన చిన్న భాగములుగ విభజింతురు. ఆ భాగమే వాటా. దానిని కలవాడు వాటాదారు. వాటాదారులందరును ప్రతిదినము వచ్చి వ్యాపారము చూడజాలరు గనుక కొందరిని డైరెక్టరులుగ నెన్నుకొని వారికి పెత్తన మప్పగింతురు. ఆ పెత్తందారులు సంవత్సరమున కొకమారు వాటాదారులందరిని సభ చేర్చి లెక్కలు చూపవలెను. లాభమెంత, పంచునదెంత, డైరెక్టరులుగ నెవరుండవలెను, లెక్కలు తనిఖీ చేయు ఆడిటరెవరు అనునవి ఆ సభయందు తేలును. సభయే లేనిచో, లేక సభ యున్నదని తెలియనిచో, వాటాదారు యజమాని యగుట పేరునకు మాత్రమే.

పేరంటమునకు బొట్టు పెట్టి పిలువనిచో మనము పోము. పిలువనివారిని గూర్చి రెండు మాటలనుకొని ఊరకుందుము. అది మర్యాదకు సంబంధించిన విషయము. కంపెనీ సభకు పిలువకుండుట అట్టిది కాదు. అది హక్కును హరించుట. ఒకరిని పిలువకుండ చేసిన తీర్మానము న్యాయస్థానమున చెల్లకపోవచ్చును. ఈ భేదమును గ్రహించుటయే మొదట కావలసినది.

తెలియవలసినవారికి తెలియనీయకుండుటవలన ఎంత చేటు మూడునో మన బొగ్గు చరిత్రయే చాటుచున్నది. 1886 సంవత్సరమున హైదరాబాదు దక్కను కంపెనీ యను పేర లండను నగరమున ఒక సంస్థ ఏర్పడి, నిజాము రాజ్యమున గనులు త్రవ్వు హక్కును పొందినది. గని ఇచ్చట, గనిలో దిగి ప్రాణములొడ్డి పనిచేయువారిచ్చట, వాటాలు చేతులు మారునది మాత్రము సముద్రములకు ఆవల. ఆ వాటాలలో కొన్నింటిని నిజాము ప్రభుత్వమునకు కొనిపెట్టిన ఉద్యోగి, అవి తన సొంత వాటాలేనను సంగతి మరుగుపరచెనను విషయము బయటపడి పెద్ద అల్లరి యైనది. 1888లో బ్రిటిషు పార్లమెంటువారు దీనిని విచారించుటకు ఒక సంఘమునే నియమింపవలసి వచ్చెను. ఒక రాజ్యమునకే తన సొమ్ము ఏమైనదో తెలియక మోసము జరుగగలిగినప్పుడు, ఇంటనుండు ఒక సామాన్య స్త్రీ మాట చెప్పనేల?

తరువాత 1920 డిసెంబరు 23వ తేదీన హైదరాబాదు కంపెనీల చట్టము క్రింద సింగరేణి బొగ్గుగనుల కంపెనీ ఏర్పడి పాత కంపెనీ ఆస్తిపాస్తులను స్వీకరించినది. 1945లో హైదరాబాదు ప్రభుత్వము వాటాలలో అధికభాగము కొన్నది. 1956లో ఆ పెత్తనము ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకు సంక్రమించెను. ఇప్పుడు నూటికి 51 వంతులు తెలంగాణ ప్రభుత్వమునకును, 49 వంతులు కేంద్ర ప్రభుత్వమునకును గలవు. కనుక ఆ కంపెనీ వాటాపత్రములు మన గృహములయందు దొరకవు. కాని పదవీ విరమణ చేసిన కార్మికుని సొమ్ములోనుండి కొనిన ఇతర కంపెనీల వాటాలు, హైదరాబాదులో ఉద్యోగము చేయు కుమారుడు తల్లి పేర తీసికొనిన వాటాలు, మామగారి కాలమునుండి ఇనుప పెట్టెలో నున్న పాత వాటాపత్రములు మన ఇండ్లలో లేకపోలేదు. ఆ కంపెనీలనుండి వచ్చు కాగితములను చదువువారే అరుదు. ఆంగ్లమున నుండుటచే అవి పిల్లల పుస్తకములకు అట్టలగుచున్నవి. ఇప్పుడైనచో సెల్ ఫోనులో మెయిలుగ వచ్చి తెరువబడకయే మురిగిపోవుచున్నవి.

ఆ కాగితములలో ముఖ్యమైనది సభ నోటీసు. ఇప్పుడు అమలులోనున్న 2013 నాటి కంపెనీల చట్టము 101వ సెక్షను ప్రకారము, సభకు ముందు 21 పూర్తి దినముల గడువుండునట్లు నోటీసును వ్రాతమూలకముగ గాని, ఎలక్ట్రానిక్ పద్ధతిని గాని పంపవలెను. “పూర్తి దినములు” అను మాట కొంచెము విప్పి చెప్పవలసియున్నది. నోటీసు అందిన దినమును, సభ జరుగు దినమును లెక్కలోనికి రావు. ఆ రెంటి నడుమ 21 దినములుండవలెను. టపాలో పంపినచో, వేసిన 48 గంటలకు అందినట్లు భావింతురు. సభ సెప్టెంబరు 30వ తేదీన ననుకొందము. సెప్టెంబరు 6న టపాలో వేసిన నోటీసు 8న అందినట్లు లెక్క. 9 మొదలు 29 వరకు 21 దినములు సరిపోవును. 10వ తేదీన టపాలో వేసి “పంపితిమి గదా” యనిన చాలదు. సంవత్సర సభను ఇంతకంటె తక్కువ గడువున జరుపదలచినచో, ఓటు హక్కు గలవారిలో నూటికి 95 మందికి తగ్గకుండ అంగీకరింపవలెను.

ఈ గడువు ఎందులకు? వాటాదారు లెక్కలు చదువుకొనవలెను. తెలియనిది తెలిసినవారి నడుగవలెను. సభకు పోవుటయో, తన పక్షమున మరియొకరిని పంపుటయో నిర్ణయించుకొనవలెను. ఇంటి పని, పిల్లల చదువు, వృద్ధుల సేవ చూచుకొనవలసిన స్త్రీకి ఈ గడువు మరింత అవసరము. ముందునాటి సాయంకాలము వచ్చి “రేపు సభ, సంతకము పెట్టుడు” అని కాగితము చాచువారు ఆమెను పిలుచుటలేదు. ఆమె సంతకమును మాత్రము పిలుచుచున్నారు.

నోటీసు నెవరికి పంపవలెనను విషయమున చట్టము స్త్రీలకు ముఖ్యమైన మేలొకటి చేసినది. ప్రతి వాటాదారునకును, డైరెక్టరులకును, ఆడిటరునకును పంపవలయుననుటతో ఆగక, మరణించిన వాటాదారు యొక్క చట్టరీత్యా వారసునకు గూడ పంపవలెనని శాసించినది. భర్త గతించినంతమాత్రమున ఆ వాటా అనాథ కాదు. వారసురాలైన భార్యను సభ సంగతి ఎరుగనీయక నెట్టివేయుట కుదరదు. కాని మరణవార్త కంపెనీకి తెలియనిదే వారేమి చేయగలరు? నోటీసులు పోయినవాని పేరనే, మారిపోయిన పాత చిరునామాకే పోవుచుండును. కావున మరణ ధ్రువపత్రముతో కంపెనీకిగాని, వారి వాటాల లెక్కలు వ్రాయు రిజిస్ట్రారునకుగాని వ్రాసి పేరు మార్పించుకొనుట మొదటి పని. దుఃఖములో నున్న ఇంట ఈ మాట ఎత్తుట కఠినముగ తోచవచ్చును. కాని ఆలస్యమైన కొలది ఎత్తువారు పరులగుదురు.

మన సింగరేణి కంపెనీ పుట్టిన ఆ 1920వ సంవత్సరమందే లండనులో ఒక స్త్రీల సంఘమును గూర్చిన తీర్పు ప్రసిద్ధికెక్కినది. లేడీస్ ఇంపీరియల్ క్లబ్బు అను ఆ సంఘపు కార్యవర్గమువారు యంగ్ అను నామెను సభ్యత్వమునుండి తొలగించిరి. ఆ సమావేశమునకు కార్యవర్గమందలి ఒక సభ్యురాలికి, అబర్‌కార్న్ డచెస్ గారికి, నోటీసు పంపలేదు. ఏలయన తాను సమావేశములకు రాజాలనని ఆమె అధ్యక్షురాలికి ముందే తెలిపియుండెను. రానని చెప్పినవారికి పిలుపేల యని వారనుకొనిరి. పై న్యాయస్థానమువారు అట్లు తలచలేదు. ఒక్కరిని పిలువకున్నను ఆ సమావేశపు తీర్మానము చెల్లదనిరి. ఇందలి న్యాయము మన ఇంటి అనుభవమునకును సరిపోవును. “నాకు తీరిక లేదమ్మా” అని చెప్పిన పొరుగింటామె, ఫలానివారికి అన్యాయము జరుగబోవుచున్నదని తెలిసినచో చేతిలోని పని వదలి రాకుండునా? రాకపోవుట ఆమె ఇష్టము. పిలువకపోవుటకు మాత్రము మనకు హక్కు లేదు.

మన దేశపు సుప్రీం కోర్టు సైతము 1973లో పరమేశ్వరీ ప్రసాద్ గుప్త వ్యాజ్యెమున ఈ సూత్రమునే పాటించినది. ఒక డైరెక్టరునకు నోటీసు లేకుండ డైరెక్టరులు కూడి జనరల్ మేనేజరును తొలగించిన తీర్మానము చెల్లదని చెప్పినది. అయితే తరువాత సక్రమముగ జరిగిన సమావేశమున ఆ తొలగింపును ఆమోదించుటచే చివరకది నిలిచినది. దీనివలన తెలియునదేమనగా, నోటీసు నియమము పనులకు అడ్డుపడుటకు పుట్టినది కాదు. సరిగ పిలిచి అందరి యెదుట చేసిన పని నిలుచును.

అయినచో పొరపాటున ఒకరికి నోటీసు అందకపోయినను సభ అంతయు చెడునా యని సందేహము కలుగవచ్చును. చట్టము అంత కఠినము కాదు. కంపెనీ సభల విషయమున, అనుకోకుండ జరిగిన లోపమువలన సభ చెడదని అదే సెక్షను చెప్పుచున్నది. ఇంగ్లాండులో 1962లో వచ్చిన రెండు తీర్పులు ఈ భేదమును చక్కగ చూపును. వెస్ట్ కెనడియన్ కాలరీస్ అను బొగ్గు కంపెనీలో కొందరు వాటాదారుల చిరునామా పలకలు వేరుగ తీసి ఉంచుటచే, అందరికిని నోటీసులు అచ్చువేయునప్పుడు వారివి తప్పిపోయినవి. అది అనుకోని లోపమని తేల్చిరి. మసిల్‌వైట్ కంపెనీలోనైతే, వాటాలు అమ్మిరి గనుక వీరికిక నోటీసు అక్కరలేదని తలచి, రిజిస్టరులో ఇంకను పేరున్నవారికి పంపక విడిచిరి. అది తెలిసి చేసిన పని. చట్టమును తప్పుగ అర్థము చేసికొంటిమనిన మాత్రమున అనుకోని లోపము కాదని, ఆ సభ చెల్లదని తీర్మానించిరి. చేయి జారుట వేరు. చేయి ముడుచుకొనుట వేరు.

ఇక నోటీసులో ఏమేమి ఉండవలెను? సభ జరుగు స్థలము, తేదీ, వారము, వేళ, అందు చర్చింపబోవు విషయములు స్పష్టముగ నుండవలెను. లెక్కలు, లాభాంశము, వంతు ప్రకారము విరమించు డైరెక్టరుల స్థానములు, ఆడిటరులు అను నాలుగును సంవత్సర సభలో మామూలు విషయములు. వీనిని మించిన ప్రతి విషయమునకును వేరుగ ఒక వివరణ జతపరుపవలెను. అందు ఏ డైరెక్టరునకైనను, వారి బంధువులకైనను స్వలాభమున్నచో అదియు వ్రాయవలెను. సోదరీమణులు నోటీసులో మొదట చదువవలసినది ఈ వివరణయే. “ఇతర విషయములు” అను చిన్న మాట చాటున ఆస్తి అమ్మకమును దాచుటకు వీలులేకుండ ఈ నియమ మేర్పడినది. వాటాదారు తన బదులు మరియొకరిని పంపుకొనవచ్చునను సంగతియు నోటీసునందే కనబడునట్లు అచ్చువేయవలెను. అట్లు పోవువానిని ప్రాక్సీ యందురు. అతడు ఓటు లెక్కించునప్పుడు ఓటు వేయగలడు గాని సభలో ప్రసంగింపలేడు. సంవత్సర సభ ఉదయము 9 గంటలకు సాయంకాలము 6 గంటలకు నడుమ ఆరంభింపవలెను. జాతీయ సెలవు దినమున జరుపరాదు.

పెద్ద కంపెనీలు ఇప్పుడు ఇంటనుండియే ఓటు వేయు ఎలక్ట్రానిక్ సదుపాయము కల్పింపవలసియున్నది. దానిని గూర్చిన ప్రకటనను ఆంగ్ల పత్రికలోనే గాక, కంపెనీ రిజిస్టరైన కార్యాలయమున్న జిల్లాయొక్క ముఖ్యభాషలో వెలువడు పత్రికయందును వేయించవలెను. మన తెలుగు దినపత్రికలలో చిన్న అక్షరములతో కనబడు ఆ ప్రకటనలు కొన్ని ఇట్టివే. వార్తలు చదివిన పిమ్మట ఆ మూలకు కూడ ఒకమారు దృష్టి సారించుట మంచిది.

ఇంతవరకు చెప్పినది వాటాలు కొనుక్కొనగల కుటుంబముల మాట యని కొందరనుకొనవచ్చును. అట్లు కాదు. పల్లెలయందు రైతులు, స్త్రీలు చేరి ఏర్పరచుకొను ఉత్పత్తిదారుల కంపెనీలు ఇప్పుడు అంతటను వ్యాపించుచున్నవి. చెన్నూరు, లక్షెట్టిపేట, జన్నారము వంటి మండలములలో ప్రత్తి, వరి పండించు ఇల్లాండ్రు గూడ అట్టివానిలో వాటాదారులు కావచ్చును. ఈ కంపెనీల సభకు 14 దినములు ముందుగ వ్రాతమూలకముగ నోటీసు ఇయ్యవలెను. సంవత్సర సభ నోటీసుతోబాటు చర్చనీయాంశముల పట్టిక, గత సంవత్సర సభ కార్యక్రమ వివరములు, డైరెక్టరులుగ నిలుచువారి పేర్లును యోగ్యతలును, తనిఖీ చేసిన లెక్కలును పంపవలెను. మొత్తము సభ్యులలో నాలుగవ వంతు వచ్చిననే సభకు కోరము. వ్యక్తులు చేరిన కంపెనీలో, వాటాలెన్ని యున్నను మనిషికి ఒక్కటే ఓటు. ఇంతటి సమత్వము చట్టము కల్పించినను, భర్త చేతికి నోటీసిచ్చి భార్య సంతకము తెమ్మనినచో ఆ సమత్వము గడప దాటదు. వాటా ఎవరి పేరనున్నదో వారి చేతికే పిలుపు రావలెను.

పొదుపు సంఘములలోను, వాని సమాఖ్యలలోను ఉన్న సోదరీమణులకును ఒక మనవి. సభ ఎన్ని దినములు ముందుగ చాటవలయునో మీ సంఘపు నిబంధనావళిలో వ్రాసియుండును. దానిని ఒకమారు చదివించుకొని వినుడు. సంఘమునకు నాయకురాండ్రైనవారు ప్రత్తి తీయు దినములలోను, నాట్ల దినములలోను పట్టపగలు సభ పెట్టి, “పిలిచితిమి, రాలేదు” అనుట న్యాయము కాదు. చదువురాని సభ్యురాలికి కాగితమిచ్చి ఊరకొనక, విషయము నోట చెప్పి, అటుపై వ్రేలిముద్ర వేయించుట మేలు. కంపెనీలనుండి మనము కోరు న్యాయమును మన చెల్లెండ్రకు మనము ముందుగ చేయవలెను గదా!

ఇంటియందు చేయదగిన పనులు కొన్ని చెప్పెదము. మీ పేరనున్న వాటాల జాబితా వ్రాసి ఉంచుకొనుడు. వాటా ఇరువురి పేరనున్నచో నోటీసు మొదటి పేరు గలవారికే వచ్చును. భార్య పేరు రెండవదైనచో ఆమెకేమియు రాదు. కావున వచ్చిన కాగితము ఇరువురును చదువు అలవాటు చేసికొనుడు. ఇల్లు మారినప్పుడు, క్వార్టరు ఖాళీ చేసినప్పుడు, ఫోను సంఖ్య మారినప్పుడు క్రొత్త చిరునామా వెంటనే తెలుపుడు. నామినీ పేరు వ్రాయించుడు. ఏడు సంవత్సరములు వరుసగ లాభాంశము నెవరును తీసికొననిచో, ఆ సొమ్మును ఆ వాటాలును గూడ కేంద్ర ప్రభుత్వపు పెట్టుబడిదారుల రక్షణ నిధికి చేరును. తగిన దరఖాస్తు పెట్టి వానిని తిరిగి పొందవచ్చును గాని, అది శ్రమతోను, కాలయాపనతోను కూడిన పని. అందని నోటీసు ఈ నష్టమునకు మొదటి గురుతు. రెండు సంవత్సరములు ఏ కాగితమును రాలేదనిన ఊరకుండక విచారింపవలెను.

పిలువనివారి నేమి చేయవలెను? మొదట కంపెనీకి ఉత్తరము వ్రాసి, నకలు దగ్గరనుంచుకొనుడు. సంవత్సర సభయే జరుపనిచో, వాటాదారులలో ఏ ఒక్కరైనను జాతీయ కంపెనీ లా ట్రిబ్యునలును ఆశ్రయింపవచ్చును. తెలంగాణమునకు ఆ న్యాయస్థానపు శాఖ హైదరాబాదులో నున్నది. ఓటు హక్కు గల మూలధనమున పదవ వంతు గలవారు చేరి కోరినచో, డైరెక్టరులు 21 దినములలో ప్రత్యేక సభకు పిలుపు పంపి, కోరిన నాటినుండి 45 దినములలోపల ఆ సభ జరుపవలెను. వారు చేయకున్న, కోరినవారే మూడు మాసములలోపల సభ జరుపుకొనవచ్చును. పదుగురు చిన్న వాటాదారులు ఏకమైన పెద్ద పెత్తందారు చెవియొగ్గక తప్పదు.

గనిలోనికి దిగు పురుషుని దీపము, టోపీ సరిచూచి పంపు ఇల్లాలు మన ప్రాంతమున కొత్త కాదు. అతడు తెచ్చిన సొమ్ము ఎచ్చట నున్నదో, దాని మీద తీర్మానములెవరు చేయుచున్నారో అదే జాగ్రత్తతో చూచుకొనుట ఆమెకు అసాధ్యము కాదు. రేపు టపా మనిషి తెచ్చు పొడవాటి కవరును, ఫోనులో మెరయు ఆంగ్ల సందేశమును పారవేయక ముందు ఒక్క నిమిషము చూడుడు. అందు మీ పేరున్నదా, తేదీ యేది, ఏ విషయము తీర్మానింపబోవుచున్నారు అని అడుగుడు. తెలియకున్న చదువుకొనిన కుమార్తెచేత చెప్పించుకొనుడు. ఆమెకును ఈ విద్య ఆ విధముగనే పట్టుబడును.